ఉగాది వచ్చింది, మరి వసంతం ఏది?

పిల్లలూ, కిందటి పాఠంలో ఆరు ఋతువుల పేర్లు నేర్చుకున్నాం కదా. చైత్రం, వైశాఖం వసంత ఋతువు. చెట్లు చిగురిస్తాయి, కోయిల కూస్తుంది అని చదివారు. మా అబ్బాయి అది చదివి కిటికీలోంచి చూసి, "ఎక్కడమ్మా వసంతం? చెట్టుకి ఒక్క ఆకు కూడా లేదు!" అన్నాడు. మేం ఉండేది బోస్టన్ దగ్గర. వాడు అడిగింది న్యాయమే. అందుకే ఈ పాఠంలో బోస్టన్ పబ్లిక్ గార్డెన్‌కి వెళ్లి, అక్కడ మన ఋతువులు ఎలా ఉంటాయో చూద్దాం.

ఈ తోట 1837లో మొదలైంది. అమెరికాలో ప్రజలందరి కోసం పెట్టిన మొదటి బొటానికల్ గార్డెన్ ఇదే. అంతకుముందు అక్కడ ఉన్నది ఉప్పునీటి బురదనేల. దాన్ని అమ్మేసి ఇళ్లు కట్టుకుందామనే మాట కూడా వచ్చింది. చివరికి అది తోటగానే ఉండాలని 1859లో చట్టం చేశారు. లేకపోతే ఈ రోజు మనకి అక్కడ చూడటానికి ఏమీ ఉండేది కాదు!

ఉగాది మార్చి చివర్లోనో, ఏప్రిల్‌లోనో వస్తుంది. అప్పటికి మన ఊళ్లో వేపచెట్టు పూత మీద ఉంటుంది, మామిడికాయలు వచ్చేస్తాయి. ఉగాది పచ్చడిలో అవే వేస్తాం. బోస్టన్ తోటలో మాత్రం చెట్లు ఇంకా మోడుల్లాగే ఉంటాయి. మోడు అంటే ఆకులు లేని చెట్టు. ఏప్రిల్ మధ్యలో హంస పడవలు మొదలవుతాయి. ట్యులిప్ పూలు విచ్చుకుంటాయి. చెరువు గట్టున విల్లో చెట్ల కొమ్మలు జడల్లా వేలాడుతూ లేతాకుపచ్చగా మారతాయి. అంటే వసంతం ఇక్కడికీ వస్తుంది, కానీ ఆలస్యంగా!

శరత్తు ఇంకా విచిత్రం. తెలంగాణలో బతుకమ్మ పండగకి తంగేడు, గునుగు పూలు విరగబూస్తాయి. ఇంచుమించు అవే రోజుల్లో ఇక్కడ ఆకులు పసుపు, ఎరుపు రంగులకి మారి రాలడం మొదలవుతుంది. మన పుస్తకంలో ఆకులు రాలేది శిశిరంలో, అంటే మాఘ, ఫాల్గుణ మాసాల్లో.

ఎందుకిలా? హైదరాబాద్ భూమధ్యరేఖకి దగ్గర, 17 డిగ్రీల దగ్గర ఉంది. బోస్టన్ 42 డిగ్రీల దగ్గర, బాగా ఉత్తరాన ఉంది. డిసెంబరులో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలు. బోస్టన్‌లో 9 గంటలే. ఆకుల్లోంచి నీళ్లు ఆవిరైపోతూ ఉంటాయి. మన టేకు చెట్టు ఎండలు ముదరబోతున్నాయని, నీళ్లు దాచుకోవడానికి ఆకులు రాలుస్తుంది. ఇక్కడి చెట్టు పగలు తగ్గి చలి మొదలవగానే రాల్చేస్తుంది. నేల గడ్డకడితే వేళ్లకి నీళ్లు అందవు కదా! రెండు చెట్లకీ నీళ్లతోనే ఇబ్బంది, నెలలే వేరు.

ఇప్పుడు హంస పడవల సంగతి. 1877లో రాబర్ట్ పాజెట్ అనే ఆయన వీటిని మొదలుపెట్టాడు. హంస లాగే పడవ కథ ఉన్న ఒక ఒపేరా ఆయనకి ఇష్టం. ఒపేరా అంటే మన యక్షగానంలాగా పాటలతో నడిచే నాటకం. పడవ నడిపేవాళ్లు వెనకాల హంసబొమ్మ మధ్యలో కూర్చుని సైకిల్ తొక్కినట్టు తొక్కుతారు. ఆయన ఏడాదికే చనిపోతే భార్య జూలియా పడవలు నడిపించింది. ఆ కుటుంబం వందేళ్లు దాటినా వాటిని వదల్లేదు.

తోటలో పిల్లలు ఎక్కువగా పరిగెత్తేది మాత్రం కంచు బాతుల దగ్గరికే. రాబర్ట్ మెక్‌క్లాస్కీ 1941లో ఒక తల్లి బాతు, ఎనిమిది పిల్లల కథ రాసి బొమ్మలు వేశారు. బాతులు ఎలా కదులుతాయో చూడటానికి నిజం బాతుల్నే కొని ఇంట్లో పెంచారట! 1987లో నాన్సీ షోన్ అనే శిల్పి వాటిని కంచుతో చేశారు. ముట్టుకోవద్దని ఎవరూ అనరు. చిన్నపిల్లలు ఎక్కి కూర్చుని కూర్చుని వాటి వీపులు మెరిసిపోయాయి.

కథలో బాతుపిల్లల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉంటాయి: జాక్, కాక్, లాక్, మాక్, నాక్, వాక్, పాక్, క్వాక్. మనం 'క' గుణింతంతో పెడితే? కక్, కాక్, కిక్, కీక్, కుక్, కూక్, కెక్... ఎనిమిదోది 'కేక్' అవుతుంది!

చలికాలంలో చెరువులో నీళ్లు తీసేస్తారు. నిజం బాతులు వేరేచోటికి పోతాయి. కంచు బాతులు మంచులో అక్కడే ఉంటాయి. ఎవరో ఒకరు వచ్చి వాటికి ఊలు టోపీలు, మఫ్లర్లు కట్టి వెళ్తారు.

ఇంటిపని: మీ ఇంటి దగ్గర ఒక చెట్టుని ఎంచుకోండి. ఉగాది రోజున, బతుకమ్మ రోజున, సంక్రాంతి రోజున దాని బొమ్మ గీయండి. ఆ రోజు అక్కడి చెట్లు ఎలా ఉన్నాయో అమ్మమ్మకో, తాతయ్యకో ఫోన్ చేసి అడిగి, పక్కనే రెండు వాక్యాలు రాయండి.