ఏ తాత తిన్న తిండి?

అమెరికాలోని మన తెలుగు సంఘాల పండుగ విందుల్లో అన్నం గిన్నె దగ్గర వరస ఏటేటా చిన్నదవుతోంది. ఒకరు మాంసం, ఆకుకూరలు, బాదంపప్పు తప్ప ఇంకేమీ ముట్టరు. గుహల్లో మనిషి తిన్నది అదేనంటారు. పక్కాయన ఇంటినుంచి డబ్బాలో కొర్రన్నం తెచ్చుకుంటారు. మా తాత దీంతోనే తొంభై ఏళ్ళు బతికాడంటారు. (ఆ తాత తోబుట్టువుల్లో ఎందరు పెరిగి పెద్దయ్యారో మాత్రం ఎవరూ అడగరు.) ఇద్దరి వాదనకూ పునాది ఒకటే: పూర్వీకులు తిన్నదే మన ఒంటికి పడుతుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ ఏ పూర్వీకుడు? లక్ష ఏళ్ళ కిందటివాడా, నాలుగు వేల ఏళ్ళ కిందటివాడా, వందేళ్ళ కిందట గోదావరి జిల్లాలో మరబియ్యం తిన్నవాడా?

గుహవాసి తిండికి వైద్యలోకంలో గౌరవం తెచ్చింది 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ రాసిన వ్యాసం. వ్యవసాయం పుట్టి పదివేల ఏళ్ళే అయింది, ఇంత కొద్దికాలంలో మన జన్యువులు పెద్దగా మారలేదు, అందుకే కొత్త తిండికి ఒళ్ళు తట్టుకోలేకపోతోందని వాళ్ళన్నారు. 2002లో లోరెన్ కార్డెయిన్ పుస్తకంతో ఆ ఆలోచన పేలియో డైట్ పేరిట వంటింట్లోకి వచ్చేసింది. తర్కం ముచ్చటగా ఉంది కానీ తవ్వకాలు దానికి వంతపాడటం లేదు. గలిలీ సరస్సు ఒడ్డున ఓహాలో దగ్గర 23,000 ఏళ్ళ కిందటి గుడిసెల్లో అడవి బార్లీ గింజలూ, గింజలు నూరిన రాయీ దొరికాయి. ఇరాక్‌లోని షానిదార్ గుహలో నియాండర్తల్ మనిషి పళ్ళ గారలో ఉడికిన గింజల పిండి చిక్కుకుని ఉంది. గింజల రుచి మనిషికి నాగలికంటే ముందే తెలుసు.

మన ఉమ్మి కూడా అదే చెబుతుంది. పిండిపదార్థాన్ని నోట్లోనే విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమ్ జన్యువుకు చింపాంజీలో రెండే ప్రతులుంటాయి, మనుషుల్లో సాధారణంగా అంతకంటే ఎక్కువే. గింజలూ దుంపలూ బాగా తినే సమూహాల్లో ఆ ప్రతులు సగటున ఇంకా ఎక్కువని 2007లో జార్జ్ పెర్రీ బృందం చూపింది. అంటే అన్నం మన ఒంటికి పరాయిదేమీ కాదు.

పాల సంగతి వేరు. క్షీరదాల్లో తల్లిపాలు మానాక లాక్టోజ్‌ను అరిగించే శక్తి సన్నగిల్లడమే మామూలు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే మార్పు మనుషుల్లో ఈ కొన్ని వేల ఏళ్ళలోనే వ్యాపించింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక పరిశోధనలో భారత ఉపఖండం నలుమూలల నుంచి 2,284 నమూనాలు పరీక్షించారు. యూరప్‌లో కనబడే మార్పే ఉపఖండంలోనూ ఉంది, అయితే వాయవ్యంలో ఎక్కువ, ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తక్కువ. గ్లాసుడు చల్లని పాలు తాగితే కడుపు ఉబ్బే తెలుగువాళ్ళు అమెరికాకొచ్చి చెడిపోయినవాళ్ళేమీ కాదు, వాళ్ళ కడుపు మామూలు కడుపే. తోడు వేసినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత ముందే తినేస్తాయి కనుక పెరుగూ మజ్జిగా వాళ్ళను అంతగా ఇబ్బంది పెట్టవు. పెరుగన్నం తినందే భోజనం ముగియదనే మన పట్టుదల ఇలా చూస్తే తెలివైనదే.

ఇక మన నేలమీది తాతలు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1950లలో రేమండ్ ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ నాలుగు వేల ఏళ్ళకు పైబడిన పశువుల దొడ్డి. పేడ పోగుపడి, కాలి, మళ్ళీ పోగుపడి దిబ్బయింది. రాయలసీమ, బళ్ళారి ప్రాంతాల్లో ఆ కాలపు ఊళ్ళ మట్టిని నీళ్ళలో కలిపి, తేలిన మాడు గింజల్ని డోరియన్ ఫుల్లర్ వంటి పరిశోధకులు ఏరి చూస్తే ఎక్కువగా కనబడినవి అండుకొర్రలు, పెసలు, ఉలవలు. వరి ఆ ఊళ్ళ తిండి కాదు. జొన్న, సజ్జ, రాగి మూడూ ఆఫ్రికాలో సాగులోకి వచ్చి, తరవాత సముద్రం దాటి మనదాకా చేరాయి. చింతచెట్టు పుట్టిల్లూ ఆఫ్రికాయే. మిరపా, వేరుశనగా, టమాటా అమెరికా ఖండాలవి, పోర్చుగీసువాళ్ళు వచ్చాకగానీ మనకు తెలియవు. అనాదిగా వస్తున్న ఆంధ్రుల ఆవకాయలో కారం వయసు గట్టిగా ఐదు వందల ఏళ్ళుండదు. రాగి సంకటీ వేరుశనగ పచ్చడీ ఒక కంచంలో కలిశాయంటే రెండు ఖండాలు మన ఇంట్లో వియ్యమందుకున్నట్టే. అందువల్ల వాటి రుచి తగ్గిందేమీ లేదు.

సరే, అంత వెనక్కి వద్దు, ముత్తాతల తిండి చాలంటారా? ఉత్తర సర్కారు జిల్లాల్లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెరిబెరి కాళ్ళు పడగొట్టేది, గుండె ఆపేసేది. దంపుడు పోయి మర వచ్చింది. బి1 విటమిన్ తవుడులో ఉంటుంది, మర దాన్ని గీకేసింది. మిగిలిన కాస్తా బియ్యం కడిగిన నీళ్ళలో, వార్చిన గంజిలో పోయింది. ఉప్పుడు బియ్యం తినే తమిళ ప్రాంతాల్లో ఈ జబ్బు అంతగా లేదు, ఎందుకంటే వడ్లు ఉడికించేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మూలాలు కూడా ఈ జబ్బులోనే ఉన్నాయి. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒక గదిలో మొదలుపెట్టిన బెరిబెరి ఎంక్వైరీయే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది.

అక్కడికి చేరాక ఆ సంస్థకు ఎదురైన జబ్బు ఇంకోటి, ఈసారి జొన్న తినేవాళ్ళలో. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, మతి చెదరడం. పెలగ్రా అనే ఈ జబ్బు మొక్కజొన్న తినేవాళ్ళదని ప్రపంచమంతా అనుకునే రోజుల్లో, దక్కనులో జొన్న తప్ప వేరే దిక్కులేని పేదలకూ వస్తోందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్‌లో రాశారు. జొన్నలో లూసీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ కావడం కారణమని వాళ్ళ వాదన. ఆ వాదన మీద తరవాత చర్చ నడిచింది గానీ జబ్బు మాత్రం నిజం. పప్పు, కూర, చల్ల తోడుంటే జొన్న మంచి తిండి, ఒంటరిగా తిన్నప్పుడే చిక్కు. సిరిధాన్యాల ప్రచారంలో ఈ కథ వినబడదు.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ప్రశ్న: మనకే ఎందుకింత షుగరు? వాట్సాప్‌లో తిరిగే జవాబు, బ్రిటిష్ కాలపు కరువులు మన జన్యువుల్ని మార్చేశాయని. 1832–33 నాటి నందన కరువూ, 1876–78 నాటి ధాత కరువూ ఘోరమైనవే. కానీ ఏడెనిమిది తరాల్లో ఒక జాతి జన్యువులు అంతగా తిరగబడవు. గట్టి ఆధారం తల్లి కడుపు దగ్గర దొరుకుతోంది. పుణే చుట్టుపక్కల పల్లెల్లో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి గర్భిణుల్ని గమనించింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో 3.5. మన బిడ్డల్లో కండ తక్కువ, పొట్ట అవయవాలు చిన్నవి, చర్మం కింది కొవ్వు మాత్రం పెద్దగా తగ్గలేదు. యాజ్ఞిక్, జాన్ యుడ్కిన్ అనే ఆంగ్లేయ మిత్రుడితో కలిసి తన ఫొటోనే 2004లో లాన్సెట్‌లో అచ్చేయించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తునుబట్టి బరువు చెప్పే అంకె) 22.3. ఒంట్లో కొవ్వు ఆంగ్లేయుడికి 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

ఇలా పుట్టిన ఒంటికి కొరత కాలంలో ఆ కొవ్వు అక్కరకొచ్చి ఉండొచ్చు. దాన్నే కారులో కూర్చోబెట్టి, పూటకు రెండు గరిటెల అన్నం, సాయంత్రం మిక్చరు, రాత్రి పన్నెండుకు ఇండియా ఫోన్ మీటింగులో బిస్కెట్లు పెడితే, చక్కెరను లాక్కునే కండ చాలక అది నెత్తుటిలో నిలుస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కో, షికాగోల్లో దక్షిణాసియా వాళ్ళ మీద 2010లో మొదలైన ‘మసాలా’ అనే అధ్యయనంలో కూడా మనవాళ్ళలో కండ తక్కువ, కాలేయంలో కొవ్వు ఎక్కువ, మధుమేహం అక్కడి తెల్ల, నల్ల, లాటినో, చైనా జాతులకంటే ఎక్కువని తేలింది.

ఇది తలరాతేమీ కాదని చూపిన పరిశోధన మన హైదరాబాద్ పక్క పల్లెల్లోనే జరిగింది. 1987–90 మధ్య కొన్ని ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అంగన్‌వాడీల్లో మొక్కజొన్న, సోయాతో వండిన ఉప్మా పెట్టారు. మరికొన్ని ఊళ్ళకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదమూడు దాటాక కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు, ఇన్సులిన్‌కు ఒళ్ళు మొరాయించడం వాళ్ళలో దాదాపు 20 శాతం తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన లెక్క ఇది. ఆ ఉప్మా ఏ పూర్వీకుడూ తిననిది. సోయా చైనాది, మొక్కజొన్న మెక్సికోది.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళకు పనికొచ్చే అంకె ఒకటి: 23. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచీ ఆసియా మూలాలున్నవాళ్ళకు బీఎంఐ 25 దాకా ఆగకుండా 23 దగ్గరే మధుమేహ పరీక్ష చేయమంటోంది. మీ డాక్టరు 24 చూసి నార్మల్ అని పంపేస్తుంటే ఈ మాట చెప్పి ఏ1సీ అనే షుగరు పరీక్ష రాయించుకోండి.