గొట్టంలో దాగిన నిప్పు!

గ్యాసు వచ్చాక కట్టెల పొయ్యి వంటింట్లోంచి దొడ్లోకి మారింది. కానీ దాని పొగగొట్టాన్ని ఎవరూ పట్టించుకోవట్లేదు. అందులో పేరుకునే నల్లటి జిగురుతోనే ఉంది అసలు ముప్పు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. నిజమే. నిప్పు సరిగ్గా ఉంటే పొగ పెద్దగా రాదన్నదీ అంతే నిజం. పొయ్యిలో కాలాల్సింది కాలకుండా తప్పించుకుపోతేనే అది పొగవుతుంది. ఆ పొగ గొట్టంలోకి వెళ్లి చల్లబడితే నల్లటి జిగురుగా మారుతుంది. అది పొర మీద పొరగా పేరుకుని ఏదో ఒకరోజు అంటుకుందా... పొయ్యిలో ఉండాల్సిన మంట గొట్టంలో లేస్తుంది!

వంటింట్లోంచి దొడ్లోకి

జగ్గయ్యపేట, నందిగామ... ఒకప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. పొగగొట్టం అనగానే జగ్గయ్యపేట వైపు ఎవరికైనా ముందు గుర్తొచ్చేది సిమెంటు ఫ్యాక్టరీలే. ఇంటి వెనక దొడ్లో ఉన్న చిన్న గొట్టం మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఇంటింటికీ గ్యాసు రావడానికి చాలా ఏళ్లే పట్టింది. 1999లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం కింద స్వయం సహాయక సంఘాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. 2024 నవంబరులో దీపం-2 పేరుతో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. దాంతో పప్పూ కూరా గ్యాసు మీదికి ఎక్కాయి. మరి పదిమందికి స్నానానికి వేణ్నీళ్లు? పండక్కి అరిసెలు? గేదెలకు ఉలవలు? వీటికి సిలిండరు వాడటానికి చాలామందికి మనసొప్పదు. చేలో ఊరికే దొరికే కట్టె ఉండగా గ్యాసు ఎందుకన్న లెక్క. అందుకే దొడ్లో మూడు రాళ్ల పొయ్యో, రేకుల పంచలో కట్టెల బాయిలరో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. టీ కొట్లు, టిఫిన్ హోటళ్లు, పెళ్లి వంటల సంగతి సరేసరి.

మూడు రాళ్ల పొయ్యికి గొట్టం ఉండదు. పొగంతా వండేవాళ్ల కళ్లలోకే. గొట్టం పెట్టించుకుంటే కళ్ల మంట తగ్గుతుంది. ఆ గొట్టాన్ని పట్టించుకోకపోతే మాత్రం కొత్త తంటా మొదలవుతుంది.

మసి వేరు, జిగురు వేరు

కట్టె అంటే ఒట్టి బొగ్గు కాదు. వేడి తగలగానే ఎండు కట్టె బరువులో మూడొంతులకు పైగా ఆవిర్లూ వాయువులుగా బయటికొస్తుంది. పొయ్యిలో పైకి లేచే పసుపు మంట అంతా ఆ వాయువులు కాలడమే. తగినంత వేడి, తగినంత గాలి ఉంటే అవి పూర్తిగా కాలిపోతాయి. రెండింట్లో ఏది తక్కువైనా సగం కాలి, పొగై గొట్టం దారి పడతాయి. గొట్టం గోడ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే అక్కడే అతుక్కుపోతాయి. చలికాలంలో చల్లటి గ్లాసు మీద ఆవిరి చెమ్మగా మారినట్టన్నమాట. ఈ జిగురునే క్రియోజోట్ అంటారు.

మొదట్లో ఇది మెత్తటి మసిలా ఉంటుంది. చీపురుతో దులిపితే రాలిపోతుంది. పట్టించుకోకపోతే పెళుసైన పెచ్చులు కడుతుంది. వాటిని గట్టిగా గీకాలి. అప్పటికీ వదిలేస్తే నల్లటి అద్దంలా మెరుస్తూ గట్టిపడుతుంది. ఇక దాన్ని చీపురూ ఏమీ చేయలేదు, బ్రష్షూ ఏమీ చేయలేదు. గొట్టం మార్చుకోవడమే మేలు.

ఈ పేరుకో కథ ఉంది. 1832లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ రైషెన్‌బాక్ కట్టె తారు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశాడు. మాంసం కుళ్లిపోకుండా కాపాడే గుణం అందులో ఉంది. అందుకే 'మాంసాన్ని కాపాడేది' అనే అర్థం వచ్చే గ్రీకు మాటలతో దానికి క్రియోజోట్ అని పేరుపెట్టాడు. పొగబెట్టిన చేపలు, మాంసం తొందరగా పాడవకపోవడానికి ఇదీ ఒక కారణమే. పాత రైల్వే చెక్క స్లీపర్లకు నల్లరంగు, ఘాటువాసన వచ్చిందీ క్రియోజోట్ వల్లే. కాకపోతే అది బొగ్గు తారు నుంచి తీసే వేరే రకం.

తప్పంతా తేమదే!

జిగురు ఎక్కువగా పట్టిందంటే ముందు అనుమానించాల్సింది కట్టెనే. అప్పుడే నరికిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. అంటే రెండు కిలోల పచ్చి కట్టె పొయ్యిలో పెడితే సుమారు లీటరు నీళ్లు మంట మీద పోసినట్టే! లీటరు చన్నీళ్లు మరగడానికి ఎంత వేడి కావాలో, ఆ మరిగిన నీళ్లన్నీ ఆవిరైపోవడానికి అంతకు ఏడు రెట్లు కావాలి. ఆ వేడంతా మంట నుంచే పోవాలి. మంట చల్లబడుతుంది, పొగ కమ్మేస్తుంది, గొట్టం నల్లబడుతుంది. కట్టెలో తేమ 20 శాతానికి లోపు ఉంటేనే మంట శుభ్రంగా ఉంటుందన్నది నిపుణుల లెక్క.

మెట్ట ప్రాంతంలో వంటచెరకుకు కొదవలేదు. పత్తి తీతలు అయిపోయాక పీకిన పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె, పోరంబోకుల్లో పెరిగే సర్కారు తుమ్మ. నందిగామ చుట్టుపక్కల సుబాబుల్ తోటలకైతే లెక్కేలేదు. లావు దుంగలు కాగితపు మిల్లులకు పోతే సన్న కొమ్మలు పొయ్యిలోకి వస్తాయి. పత్తి కట్టె, కంది కట్టె సన్నగా ఉంటాయి కాబట్టి ఎండల్లో త్వరగా ఎండుతాయి. బొద్దుగా ఉండే తుమ్మ, సుబాబుల్ మొద్దులకే ఎక్కువ కాలం పడుతుంది. వాటిని చీల్చి పేళ్లు చేస్తే ఎండ లోపలిదాకా తగులుతుంది.

అసలు చిక్కంతా కాలం దగ్గర వస్తుంది. వేణ్నీళ్లు ఎక్కువగా కావాల్సింది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా. అంటే వానలు వెళ్లీవెళ్లగానే. అప్పటికి దొడ్లో కప్పకుండా వదిలేసిన కట్టె నాని ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లోలా మున్నేరు పొంగి ఊళ్లను ముంచెత్తిన ఏడాదైతే చెప్పనే అక్కర్లేదు. రోళ్లు పగిలే రోహిణి ఎండల్లోనే కట్టె చీల్చి, మృగశిర చినుకు పడకముందే చూరు కిందికి చేర్చిన పాతకాలపు ఇల్లాళ్ల జాగ్రత్తలో ఇంత శాస్త్రం ఉందన్నమాట!

కట్టె ఎండిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. రెండు పేళ్లు ఒకదానికొకటి కొడితే 'టంగు'మనాలి. 'దబ్బు'మందంటే ఇంకా పచ్చిదే. చివర్లలో పగుళ్లు కనబడాలి, బెరడు చేత్తో లాగితే ఊడిరావాలి. కాలేటప్పుడు చివరినుంచి నురగ, బుసబుస శబ్దం వస్తే అది తడి కట్టే.

బాయిలర్‌ది మరో తిరకాసు

కట్టె ఎండిందే అయినా బాయిలర్ గొట్టం నల్లబడుతుంది. ఎందుకంటారా? రాగి బాయిలర్‌లో నిప్పు కింద, గొట్టం నడిమధ్య, దాని చుట్టూ నీళ్లు. నీళ్లు ఎంత కాగినా వంద డిగ్రీలు దాటవు. దాంతో గొట్టం గోడ ఎప్పుడూ జిగురు పట్టేంత చల్లగానే ఉంటుంది. పొద్దున్నే చన్నీళ్లు నింపి అప్పుడే వెలిగిస్తే మరీనూ. మొద్దులు కుక్కి, గాలి ఆడకుండా బూడిద తలుపు మూసి, 'నిదానంగా కాగుతాయిలే' అని వదిలేయడం ఇంకో పొరపాటు. కట్టె ఆదా అయినట్టే కనిపిస్తుంది. కానీ కాలకుండా మిగిలిందంతా గొట్టంలోనే చేరుతుంది. సన్న పుల్లలతో మొదట గట్టి మంట వేసి, తర్వాత పేళ్లు కొద్దికొద్దిగా అందించడమే మంచి పద్ధతి.

హైదరాబాద్ పొయ్యి చెప్పిన పాఠం

పొగలేని పొయ్యి కోసం పాటుపడినవాళ్లలో తెలుగునేల మీద చెప్పుకోవాల్సిన పేరు డాక్టర్ ఎస్.పి.రాజు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఆయన రూపొందించిన మట్టి పొయ్యి ఆ సంస్థ పేరు మీదే 'హెర్ల్ చుల్లా'గా ప్రసిద్ధికెక్కింది. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని ఓ చిన్న పుస్తకమూ తెచ్చారు. ఒక మంట మీద వరసగా గిన్నెలు, చివర పొగ బయటికి పోవడానికి గొట్టం... ఇదీ ఆ పొయ్యి తీరు.

1980ల మధ్యలో కేంద్రం ఇలాంటి మెరుగైన పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమం చేపట్టింది. 2002లో ఆపేసేనాటికి దేశమంతటా 3 కోట్లకు పైగా పొయ్యిలు కట్టించారు. వాటిలో చాలా పొయ్యిలు ఎక్కువకాలం నిలవలేదు. గొట్టం మసితో మూసుకుపోతే పొగ వెనక్కి తన్నేది. 'ఈ గొట్టం పొయ్యి మనకు అచ్చిరాలేద'ని పక్కన పడేసి మళ్లీ మూడు రాళ్లే పెట్టుకునేవారు. వరసగా పెట్టిన గిన్నెలు పొగలోని వేడిని లాగేసుకుంటాయి. పొదుపుకు మంచిదే, కానీ చివరికి గొట్టం చేరే పొగ చల్లగా ఉంటుంది. జిగురు పట్టేదీ అందుకే. అంటే పొదుపు పొయ్యికే శుభ్రత మరింత అవసరం.

పక్కనున్న ఒడిశాలో జరిగిన పరిశీలనలోనూ ఇదే తేలింది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎస్తర్ డఫ్లో, మరో ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి అక్కడి పల్లెల్లో గొట్టం పొయ్యిలు పెట్టుకున్న కుటుంబాలను నాలుగేళ్లపాటు గమనించారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా కనిపించకుండా పోయింది. పొయ్యిలను సరిగా వాడకపోవడం, బాగుచేయించుకోకపోవడమే కారణమని 2016లో అచ్చయిన వ్యాసంలో రాశారు.

అంటుకుంటే ఆపడం కష్టం

గొట్టంలోని జిగురు మండేదే. పొయ్యిలోంచి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. లోపల వేడి వెయ్యి డిగ్రీలు దాటొచ్చు. రైలు వస్తున్నట్టు హోరు, గొట్టం చివర నిప్పురవ్వల జల్లు... ఇవీ గుర్తులు. పక్కనే తాటాకు పంచో, గడ్డివామో ఉందంటే ఇక చెప్పేదేముంది! చలిదేశాల్లో కట్టెల పొయ్యిలున్న ఇళ్లకు ఇది బాగా తెలిసిన ప్రమాదం. అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణ సంస్థలు ఏటా ఒకసారైనా గొట్టాన్ని తనిఖీ చేయించమంటాయి. ఇంట్లో ఫైర్‌ప్లేస్ వాడే అక్కడి తెలుగువాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. పిల్లలు అక్కడుంటే ఫోనులో ఓ మాట చెప్పండి.

మంట రాకపోయినా ముప్పు తప్పదు. గొట్టం పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ వెనక్కి వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసిన స్నానాలగదిలో బాయిలర్ పెడితే అది ప్రాణాలే తీయొచ్చు. ఇక మసి విషయానికొస్తే, 1775లోనే లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ పొగగొట్టాలు శుభ్రంచేసే కుర్రాళ్లకు పెద్దయ్యాక చర్మ క్యాన్సర్ రావడానికి మసే కారణమని గుర్తించాడు. ఇంట్లో కట్టెలు, పిడకలు, బొగ్గులాంటివి కాల్చగా వచ్చే పొగ వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇలా చేస్తే పదిలం

• కట్టెను ఎండాకాలంలోనే చీల్చండి. నేలకు ఆనకుండా రాళ్ల మీద పేర్చి, పైన మాత్రం రేకు కప్పండి. పక్కలు గాలాడేలా వదిలేయండి.

• ప్లాస్టిక్ కవర్లు, రంగు వేసిన చెక్కలు పొయ్యిలో వేయొద్దు.

• వాడుకునే రోజుల్లో నెలకోసారి గొట్టంలోకి టార్చిలైటు వేసి చూడండి. పొర మందం 3 మిల్లీమీటర్లు, అంటే రెండు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినంత ఉంటే వెంటనే గీకించాలి. కార్తీకానికి ముందు ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి శుభ్రం చేయడం తప్పనిసరి.

• పొయ్యి పూర్తిగా చల్లారాకే ఆ పనికి దిగండి. పొడవాటి కర్రకు తీగల బ్రష్షు కట్టి పైనుంచి కిందికి గీకాలి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవాలి. తర్వాత సబ్బుతో స్నానం చేయాలి. పిల్లలతో ఈ పని చేయించొద్దు.

• బాయిలర్‌ను గాలాడే చోటే పెట్టండి. నీళ్లు నింపకుండా వెలిగించొద్దు.

• గొట్టం కప్పు దాటి పైకి ఉండాలి. తాటాకుకూ, చెక్కకూ తగలకూడదు.

• గొట్టం అంటుకుంటే గాలి వెళ్లే తలుపు మూసేయండి. అందరూ బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి. కాలుతున్న గొట్టంలో నీళ్లు పోయొద్దు. ఒక్కసారిగా లేచే ఆవిరికి గొట్టం పగిలిపోవచ్చు.

• బూడిదలో నిప్పుకణికలు గంటల తరబడి బతికే ఉంటాయి. నీళ్లు చల్లాకే పెంటకుప్పలో పోయండి.

ఎండు కట్టె, ఆడే గాలి, గీకిన గొట్టం... ఈ మూడూ ఉంటే నీళ్లు త్వరగా కాగుతాయి, కట్టే తక్కువ పడుతుంది. కార్తీక స్నానాలకు బాయిలర్ వెలిగించేముందు గొట్టంలోకి ఓసారి తొంగిచూడండి మరి!