రసం మనకి... పిప్పి రేసు కారుకి!

అనకాపల్లి పరిసర పల్లెల్లో గానుగ ఆడే రోజులు వచ్చాయంటే చాలు, గాలి నిండా బెల్లం పాకం వాసనే. పెద్ద పెనంలో చెరకు రసం మరుగుతుంటే, కింద పొయ్యిలో మండేది ఆ చెరకు పిప్పే. రసం మనిషికి, పిప్పి మంటకి... తరాలుగా ఇక్కడి రైతుల లెక్క ఇది. గంటకు 300 కిలోమీటర్లకు పైగా దూసుకుపోయే ఫార్ములా వన్ కార్లకూ ఇంచుమించు అలాంటి నిబంధనే వచ్చింది!

2026 సీజన్ కోసం ఆ కార్ల నియమాలను దాదాపుగా తిరగరాశారు. కనీస బరువు సుమారు 30 కిలోలు, వెడల్పు 10 సెంటీమీటర్లు తగ్గాయి. 1.6 లీటర్ల ఇంజిన్ అలాగే ఉన్నా, దానికి తోడుండే విద్యుత్ మోటారు సామర్థ్యం 120 కిలోవాట్ల నుంచి 350కి పెరిగింది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుని వాడుకుంటుందది.

2023లో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగులు తీసిన ఫార్ములా-ఇ కార్లు పూర్తిగా బ్యాటరీవి. ఫార్ములా వన్ మాత్రం ఇంజిన్‌ని వదల్లేదు, అందులో పోసేదాన్ని మార్చింది. 2022 నుంచి 2025 దాకా పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ కలిపేవారు. కొత్త నియమం ప్రకారం నూటికి నూరు శాతం సుస్థిర ఇంధనమే వాడాలి. దాన్ని తిండి పంటల నుంచి తీయకూడదు. పంట వ్యర్థాలు, పట్టణాల చెత్త, పట్టి దాచిన బొగ్గుపులుసు వాయువు లాంటివే ముడిసరుకు.

మన బంకుల్లో పోసే పెట్రోల్లోనూ 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది చాలావరకు చెరకు రసం, మొలాసిస్, బియ్యం, మొక్కజొన్నల నుంచి వచ్చేదే. తిండి గింజల్ని బండ్లకు పోయడమేంటన్న వాదన అందుకే. పిప్పిలోని పీచును విడగొట్టి, చక్కెరగా మార్చి, పులియబెట్టినా ఇథనాల్ వస్తుంది. కాకపోతే ఖర్చెక్కువ. ఖర్చుకు వెనకాడని రేసుల్లో ఆరితేరితే ఆ పరిజ్ఞానం చౌకై మామూలు బండ్లకూ చేరుతుందన్నది ఆశ.

అలాగని రేపే రేసు జట్లు అనకాపల్లికి లారీలు పంపవు. ఇక్కడ పిప్పికి పొయ్యిలోనే పని ఉంది. మిగిలేది పొలంలో తగలబెట్టేసే చెరకు ఎండుటాకు. దానికీ ఓ ధర పలికిన రోజున, బెల్లం ముట్టకుండానే రైతుకు మరో ఆదాయం దక్కినట్టే!