అందరి బీపీ చూసే నర్సమ్మ బీపీ ఎవరు చూస్తారు?

నైట్ డ్యూటీ ఉదయం ఎనిమిదింటికి దిగాల్సిన స్టాఫ్ నర్సు తొమ్మిదిన్నరకు నా ఓపీ గదికి వచ్చింది. తలనొప్పికి మాత్ర రాయమంది. బీపీ చూస్తే 160/100. రెండు నెలలుగా తలనొప్పి ఉందట. రోజూ వార్డంతా తిరిగి అందరి బీపీ చూసే మనిషి, తన బీపీ ఒక్కసారీ చూసుకోలేదు!

‘‘ఈ పనంటే ఇష్టమే మేడం. కానీ ఏ పేషెంటుతోనూ రెండు నిమిషాలు మాట్లాడే తీరిక ఉండట్లేదు. ఇంటికెళ్లినా అదే బాధ’’ అంది.

ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య, సామాజిక సేవా రంగాల్లో పనిచేసేవారిలో దాదాపు 70 శాతం మహిళలే. మన దగ్గరా నర్సులు, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాల్లో చాలామంది పరిస్థితి ఇదే.

ఇష్టమున్నా అలసట ఎందుకు?

రోగి కోలుకుని ఇంటికి వెళ్తుంటే కలిగే తృప్తి జీతంతో రాదు. అయితే పనిని ప్రేమించేవారే అదనపు భారాన్ని కాదనలేరు. ఎలా చూసుకోవాలో తెలిసి కూడా అలా చూసుకోలేకపోతే, తప్పు తమదేనని కుమిలిపోతారు. డ్యూటీ దిగాక ఇంట్లో మరో డ్యూటీ ఎదురుచూస్తుంటుంది.

బర్న్‌అవుట్‌ను గుర్తించేదెలా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుగా కాకుండా, పనిలోని దీర్ఘకాలిక ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా నిర్వచించింది. లక్షణాలు మూడు:

• శక్తి పూర్తిగా హరించుకుపోయినట్టు ఉండటం
• పని మీద విముఖత, రోగుల మీద విసుగు
• ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం

శరీరం మీద ప్రభావం

వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35-40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. నైట్ డ్యూటీలతో నిద్ర చెదిరి బీపీ, షుగర్ అదుపు తప్పొచ్చు. తీరిక లేక నీళ్లు తాగకపోవడం, మూత్రం ఆపుకోవడం వల్ల యూరిన్ ఇన్ఫెక్షన్లూ వస్తాయి.

ఏం చేయాలి?

• ఏడాదికోసారైనా బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఎంతకూ నీరసం తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష అవసరమవుతుంది.
• నైట్ డ్యూటీ చివరి గంటల్లో టీ, కాఫీ మానండి. ఇంటికెళ్లాక చీకటి గదిలో, ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకోండి. ఆ నిద్రను ఇంటిల్లిపాదీ గౌరవించాలి.
• నిద్రమత్తుతో బండి నడపొద్దు.
• రెండు వారాలకు పైగా దిగులు, ఏడుపు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలీ మానస్ 14416కు ఏ సమయంలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

మాత్రతో తీరేది కాదు

ఆ నర్సుకు తర్వాత మూడు రోజులు చూసినా బీపీ తగ్గలేదు. మందులు మొదలుపెట్టి, నెలపాటు నైట్ డ్యూటీలు వద్దని రాశాను. ఇప్పుడు ఆమె బీపీ అదుపులో ఉంది. కానీ ఆ నైట్లు మరో నర్సు మీద పడ్డాయి. ఖాళీలు నింపకుండా, సిబ్బందికి యోగా క్లాసు పెడితే సరిపోదు. డ్యూటీ చార్టు ముందే ఇవ్వాలి. నైట్ తర్వాత తగినంత విశ్రాంతి ఉండాలి. కూర్చోవడానికో గది, శుభ్రమైన మరుగుదొడ్డి తప్పనిసరి. ఇవి సిబ్బందికి చేసే ఉపకారాలు కావు. రోగి భద్రతకు అవసరాలు.

- ప్రభుత్వ ఆసుపత్రి ఫిజీషియన్, ఎంబీబీఎస్, ఎండీ