అంకెలు లేని పేకముక్కలతో ఆట ఎలా?

జపాన్‌లో హనఫుదా అనే పాత పేకాట ఉంది. ఆ మాటకు ‘పూల ముక్కలు’ అని అర్థం. కట్టలో 48 చిన్న ముక్కలు ఉంటాయి. సంప్రదాయ ముక్కల మీద అంకెలు ఉండవు, పూలూ చెట్ల వంటి బొమ్మలే ఉంటాయి. మరి గుర్తుపట్టడం ఎలా? మన చిత్తూరు తోటలనే చూడండి. మామిడి పూత కనబడితే చాలు, క్యాలెండర్ చూడకుండానే ఏ కాలమో చెప్పేస్తాం. ఈ ఆటా అంతే! 12 నెలలు, నెలకో మొక్కో పువ్వో, ఒక్కోదానికి నాలుగు ముక్కలు. మార్చికి చెర్రీ పూలు. ఆగస్టు ముక్క ఒకదానిపై నల్లని కొండ, ఎర్రని ఆకాశం, తెల్లగా నిండు చందమామ!

“చెర్రీ పూలు మేమెప్పుడూ చూడలేదే!” అంటారేమో. నిజమే, కానీ ఉతికిన మేజోళ్లను జత కలపడానికి వాటి పేర్లు తెలియాలా? పోలిక తెలిస్తే చాలు. చేతిలోని ముక్క, నేలమీద తెరిచి పరిచిన ఒక ముక్క ఒకే నెలవైతే రెండూ మీవే. తర్వాత కట్టలోంచి పైముక్క తీసి అలాగే చూడాలి. ఇలా గెలుచుకున్న ముక్కలతో ప్రత్యేకమైన గుంపులు కూర్చితే పాయింట్లు. “అంకెలైతే ఇంకా సులువు కదా?” లెక్కకు సులువే. కానీ అంకె ఎంతో మాత్రమే చెబుతుంది; పువ్వు కాలాన్ని కళ్లముందు నిలుపుతుంది. అందుకే త్వరగా మనసుకు హత్తుకుంటుంది.