ఇంటికప్పు పనివారి చలికాలము

చిన్నతనమున మనము అక్షరములు దిద్దుకొనిన మార్కాపురపు పలక మీకందరకును జ్ఞప్తియందుండే యుండును. మొన్న అటక సర్దుచుండగా అట్టిదొకటి నా చేతికి దొరకెను. చెక్కచట్రము ఊడిపోయినది గాని రాయి మాత్రము చెక్కుచెదరలేదు. "ఇంత గట్టి రాతిని ఇంత పలుచని రేకుగా ఎట్లు చీల్చిరండీ?" అని మావారి నడిగితిని. వారు బడిలో భూగోళము చెప్పువారు. "దీనిని ఉలితో చీల్తురు. కాని ఇంగ్లండు దేశమున ఉలికి లొంగక, చలికి మాత్రమే లొంగు రాయి యొకటి కలదు. ఆ రాతిపలకలతో అక్కడివారు ఇండ్లు కప్పుకొనిరి" అనిరి. ఆ మాట నన్ను విడువలేదు. తరువాత ఆ విషయమై చదివి తెలిసికొన్నది మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన యూళ్లలో ఇల్లు కప్పువారికి గడ్డుకాలము వర్షాకాలము. తాటాకు కప్పుటయైనను, పెంకులు తిరుగవేయుటయైనను తొలకరికి ముందే ముగియవలెను. వానలు పట్టిన పిదప వారిని పిలుచువారే యుండరు. శీతలదేశములయందు అట్టి గడ్డుకాలము హేమంత శిశిరములు. కప్పుపై మంచు పేరుకొని కాలు నిలువదు. పలకల సందున పెట్టు సున్నపుటడుసులోని నీరు గడ్డకట్టి, అడుసు పట్టువిడిచి పొడియై రాలును. నడిచలికాలమున ఇంగ్లండులో పగటివెలుతురు సుమారు ఎనిమిది గంటలే యుండును. కావున కప్పుపనివాడు నిచ్చెన దిగవలసినదే. దిగినవాని సంసారము ఎట్లు గడచును?

మన కావ్యములలో ఋతువర్ణనము లేనిది అరుదు. హేమంతము రాగానే కవులు కుంపట్లను, కంబళ్లను, దీర్ఘరాత్రులను ముచ్చటగా వర్ణింతురు. ఆ రాత్రులయందు పనివాని పొట్టకూటి మాట యెత్తినవారు తక్కువ. అందుచేతనే నాకు ఈ కథ మరింత వింతగా తోచినది.

ఆక్స్‌ఫర్డ్ నగరమునకు సమీపమున స్టోన్స్‌ఫీల్డ్ అను చిన్న గ్రామము కలదు. నార్తాంప్టన్‌షైర్ మండలమున కాలివెస్టన్ అను మరియొక గ్రామము కలదు. ఈ రెండు చోట్లను భూమిలో పొరలుపొరలుగా ఇసుకపాలు గల సున్నపురాయి దొరకును. చూచుటకు అది పొరలు లేని బండ. పొరల నడుమనున్న సన్నని సందులలో నీటి తేమ దాగియుండును. గడ్డకట్టు చలి తగిలినప్పుడు ఆ తేమ మంచుగడ్డయై ఉబ్బి, లోపలినుండి రాతిని విడదీయును. శీతలపేటికలో నిండుగా నీరు పోసిన గాజుసీసాను మరచి, తెల్లవారిన పిదప పగిలిన ముక్కలు ఏరుకొన్న యిల్లాండ్రకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి 9 పాళ్లు పెరుగును. మన వంటయింట సీసాను పగులగొట్టు ఆ బలమే అచ్చట రాతిని పలకలుగా చీల్చును.

అయితే ఇందొక నియమము కలదు. రాయి తడియారరాదు. భూమినుండి తెచ్చిన తేమ యొకసారి ఆరిపోయినచో, పిదప ఎంత చలి వచ్చినను అది చీలదు.

కావున వారి చలికాలపు పని గనిలో ఆరంభమయ్యెడిది. స్టోన్స్‌ఫీల్డు వారు శరత్కాలమున తవ్వుట మొదలుపెట్టి క్రిస్మస్ పండుగ దాక తవ్వుచుండిరి. కొన్ని గనులు 50 అడుగులకు మించిన లోతుగలవి. కాలివెస్టనులో వేసవియందు కప్పులపై నిలిచి పనిచేసిన మనుష్యుడే, చలి రాగానే క్రొవ్వొత్తి వెలుగున నేలలోపల ప్రక్కవాటుగ పండుకొని, బండ క్రిందనున్న ఇసుకను పొడవైన గునపముతో తొలిచెడివాడు. తొలిచిన చోట రాళ్లు పేర్చి బండకు ఊతమిచ్చును. తుదకు ఆ ఊతములను ఒకటొకటిగా తీసివేయగా బండ తన బరువుతో తానే క్రిందికి దిగును. దిగుటకు ముందు అది చిటపటమని శబ్దము చేయును. దానిని వారు "రాయి మాటలాడుచున్నది" అందురు. ఆ మాట విని ప్రక్కకు తప్పుకొనినవాడే ఇల్లు చేరును.

ఇట్లు పైకి తెచ్చిన బండలను పొలములలో పరచి, ఆరకుండ నీళ్లు చల్లుచు, లేదా మట్టి కప్పి, చలికై కనిపెట్టుకొనియుండిరి. మన రైతు మేఘమునకై ఎదురుచూచినట్లే వారు మంచునకై ఎదురుచూచిరి. స్టోన్స్‌ఫీల్డులో గడ్డకట్టు చలి దిగిన రాత్రి, అది అర్ధరాత్రమైనను సరే, చర్చిగంట మ్రోగించెడివారు. ఆ గంట విని పనివారు పడకలు విడిచి పరుగున పోయి, రాళ్లపై కప్పిన మట్టి తొలగించి, వానిని చలికి అప్పగించెడివారు. ఒక్క రాత్రి చాలదు. గడ్డకట్టుట, కరగుట, మరల గడ్డకట్టుట పలుమారులు జరిగిననే పొరలు విడును.

ఆ గంట మ్రోగక చలికాలము వెచ్చగా గడచినచో, ఆ రాళ్లను మరల మట్టిలో పాతి వచ్చు సంవత్సరము దాక కాపాడవలసినదే. ఒక యేటి కష్టమంతయు మట్టిక్రింద పండుకొనును. ఆ యింటి యిల్లాలి మనస్సు ఎట్లుండెనో మనము ఊహింపగలము. ధనుర్మాసమున తెల్లవారుజామున ముగ్గుపెట్టుచు చలికి మనము నొచ్చుకొందుము. ఆమెకు చలి వచ్చెనా, పొయ్యిలోనికి కట్టెలు కావలెను. బిడ్డలకు కంబళ్లు కావలెను. చలి రాదా, కూడే లేదు. తన బిడ్డను వణకించు చలినే రమ్మని వేడుకొనవలసిన తల్లి యవస్థ ఎట్టిదో ఆలోచింపుడు!

చలి తన పని ముగించిన పిదప మనుష్యుని పని మరల మొదలగును. సుత్తెతో తట్టగా పొరలు విడివడును. వానిని అంచులు చెక్కి, తలవైపు రంధ్రము చేసి, కొలతల వారిగా పేర్తురు. ఆ కొలతలకు వింత పేర్లు గలవు. అందొకదానికి "బ్రహ్మచారి" అని అర్థము! కప్పునందు పెద్దపలకలు చూరువైపును, చిన్నవి ఇంటికొప్పు వైపును వచ్చునట్లు వరుసలు దీర్తురు. ఆక్స్‌ఫర్డ్ విద్యాలయముల ప్రాచీన భవనములపై ఇట్టి కప్పులు ప్రసిద్ధములు. పలకలకై తవ్వుచు ఆ స్టోన్స్‌ఫీల్డు పనివారు ఒక మహామృగపు ఎముకలను గూడ బయటపెట్టిరి. దానికే 1824వ సంవత్సరమున బక్‌లాండు పండితుడు మెగలోసారస్ అని పేరుపెట్టెను. రాక్షసిబల్లులలో శాస్త్రీయముగా నామకరణము పొందిన మొదటిది అదియే. కూటికై తవ్వినవాని గునపము శాస్త్రమునకును ఉపకరించినదన్నమాట.

రైలుమార్గములు వచ్చిన పిదప వేల్సు ప్రాంతపు పలకలును, యంత్రముతో చేసిన పెంకులును చౌకగా దొరకసాగెను. 1910 ప్రాంతమున స్టోన్స్‌ఫీల్డు గనులు మూతపడెను. కాలివెస్టనులో పని మరికొంతకాలము నిలిచినను, చలి తగ్గిన శీతకాలములు వరుసగా వచ్చుటచే 1960 ప్రాంతమునకు అదియు క్షీణించెను. పాతకప్పులు మాత్రము మరమ్మతు కోరుచునే యున్నవి. ఒక యింటి పలకలు విప్పి మరియొక యింటికి వేయుట ఎంతకాలము సాగును? కావున ఇటీవల చారిత్రక కట్టడములను కాపాడువారు పరిశోధకుల సాయముతో బండలను పెద్ద శీతలయంత్రములలో నుంచి, గడ్డకట్టించుచు కరగించుచు చీల్చి చూచిరి. పలకలు చక్కగా వచ్చెను. ఏప్‌థార్ప్ అను పాత రాజగృహపు కప్పునకు అట్టి పలకలను వాడిరి. కాలివెస్టనులో తవ్వకము మరల మొదలైనది. ఇప్పుడు అర్ధరాత్రి గంటకై చెవియొగ్గవలసిన పనిలేదు. ఆ విద్య నిలిచినందుకు సంతోషమే. తల్లి చలిని వేడుకొనవలసిన యక్కర తీరినందుకు అంతకంటె సంతోషము.

ఇది చదివిన నాటినుండి నా మనస్సు మన ఊరి పెంకుల పనివానిపైకి పోవుచున్నది. ఏటేట తొలకరికి ముందు వానిని పిలిచి, పది రూపాయలకై బేరమాడి పంపుచుంటిని. తరువాతి నాలుగు నెలలు వాడు ఏమి తినునో అని యొకనాడును అడిగినదానను కాను. ఈ సంవత్సరము వాడు వచ్చినప్పుడు అడుగవలెనని అనుకొనుచున్నాను. బేరము మాత్రము ఆడను.