మందు పెట్టకుండానే ఎలుకలకు అడ్డుకట్ట

వానాకాలంలో కలుగుల్లోకి నీరు చేరగానే ఎలుకలు పొడి చోటు వెదుకుతూ ఇళ్లలోకి చొరబడతాయి. చాలామంది వెంటనే ఎలుకల మందును ఆశ్రయిస్తారు. కానీ పేస్టు రూపంలో దొరికే కొన్ని మందుల్లో ఉండే పసుపు భాస్వరానికి విరుగుడు లేదు. కాలేయాన్ని దెబ్బతీసే ఆ విషం పిల్లల చేతికి అందితే ప్రాణాపాయమే. రక్తం గడ్డకట్టనివ్వని మరో రకం మందు తిన్న ఎలుకను పట్టిన గుడ్లగూబకూ విషమెక్కుతుంది.

అసలు చేయవలసింది దారులు మూయడం. చిట్టెలుక దూరడానికి పెన్సిలు పట్టేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, చాలు. ఎలుకల ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. చెక్క, ప్లాస్టిక్ వాటికి లెక్కలోనివి కావు. అందువల్ల గొట్టాల చుట్టూ ఉన్న సందుల్లో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయాలి. తూములకు ఇనుప జాలీ బిగించాలి. బియ్యం, పప్పులు మూత బిగువైన లోహపు డబ్బాల్లో ఉండాలి, ఎంగిలి గిన్నెలు రాత్రంతా వదిలేయరాదు.

పుదీనా నూనె, కర్పూరం ఘాటు త్వరగానే ఆవిరైపోతుంది, వాటినే నమ్ముకుని లాభం లేదు. అప్పటికే లోపల చేరినవాటికి బోనే మేలు. ఎలుకలు గోడను ఆనుకుని తిరుగుతాయి కనుక దానిని గోడ వారనే ఉంచాలి. వాటి మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు; పెంటికలను పొడిగా ఊడ్చక, చేతి తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ నీటితో తడిపి తుడవాలి.